ఈ భాష వాళ్లకీ కొత్తే

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న వ్యవసాయం చేస్తారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ. చేసి, బ్యాంకు లోను తీసుకుని ఇంగ్లండులో ఇంగ్లీషు సాహిత్యం ఎం.ఏ.లో చేరాను. డిగ్రీలో పధ్నాలుగో శతాబ్దం కవి చాసర్ బాగా నచ్చాడు కదా అని ఇక్కడ ఓల్డ్ ఇంగ్లీష్ పేపరు ఎంచుకున్నాను. తీరా చూస్తే చాసర్‌కీ దీనికీ పోలికే లేదు. ఒక్క వాక్యం అర్థం కావడం లేదు. క్లాసులో వంతులవారీగా పైకి చదివి అనువాదం చెప్పాలి. నా వంతు వస్తోందంటే చేతులు చల్లబడిపోతాయి. మిగతావాళ్లంతా ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు. ఇది వాళ్ల భాష, వాళ్ల పూర్వీకుల సాహిత్యం. నా యాసతో నేను చదువుతుంటే ఏమనుకుంటారో అని సిగ్గు. నాన్న ఫోన్లో 'వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు మనకెందుకమ్మా' అంటున్నారు. ఆధునిక నవల పేపరుకి మారడానికి ఇంకా రెండు వారాలు గడువుంది. మారిపోనా?
— ఒక ఎం.ఏ. విద్యార్థిని

సమాధానం: మారొద్దమ్మా. కనీసం ఉత్తరంలో నువ్వు రాసిన కారణాలతో మారొద్దు. సాహిత్యం నచ్చక మారతానంటే నేను అడ్డు చెప్పను. కానీ నువ్వు భయపడి మారదామనుకుంటున్నావు. ఆ భయం ఎక్కడ పుట్టిందో కూడా నీ మాటల్లోనే ఉంది. 'వాళ్ల భాష' అన్నావు చూడు, అక్కడ.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలుచుకోక ముందు అక్కడ మాట్లాడిన భాష ఇప్పటి ఇంగ్లీషు పిల్లలకి పరాయి భాషే. చాసర్ 1400లో పోయాడు. ఆయన్ని వాళ్లు కాస్త తంటాలు పడితే చదవగలరు, నువ్వూ చదివావు. ఆయనకి నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళితే లిపిలోనే తెలియని అక్షరాలు కనిపిస్తాయి. నామవాచకాలకి మూడు లింగాలు, నాలుగు విభక్తులు. నీ పక్కన కూర్చునే అమ్మాయి కూడా ఆ పట్టికలు ఈ టర్ములోనే మొదటిసారి చూసి ఉంటుంది. ఆమె తడబడినప్పుడు నీకు వినపడదు, ఎందుకంటే ఆ సమయంలో నువ్వు నీ వంతు గురించి కంగారు పడుతూ ఉంటావు.

ఇంకో మాట. ఈ ఒక్క పేపరులో నువ్వు వాళ్లకంటే కొంచెం ముందే ఉన్నావు. ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు, చూపిస్తాను.

రాజు అనే మాట తీసుకో. 'సె కునింగ్' అంటే రాజు. 'థోనె కునింగ్' అంటే రాజును. 'థ్యాస్ కునింగెస్' అంటే రాజు యొక్క. 'థ్యామ్ కునింగె' అంటే రాజుకు. ఇప్పుడు నేనొక వాక్యం కడతాను: 'థోనె కునింగ్ సె మన్ స్లోహ్.' మీ క్లాసులో చాలామంది రాజు ఆ మనిషిని చంపాడని చదువుతారు. ముందు వచ్చినవాడే కర్త అని వాళ్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. నువ్వు మాటల వరస కూడా మార్చకుండా 'రాజును ఆ మనిషి చంపాడు' అని తెలుగులోకి దించెయ్యొచ్చు. ఏ మాట ఎక్కడున్నా విభక్తి చూసి అర్థం తీయడం నీకు ఇంట్లో నేర్పకుండానే వచ్చిన విద్య. క్రియ ప్రతిసారీ చివరికే వస్తుందని మాత్రం అనుకోకు, ప్రధాన వాక్యాల్లో తరచు ముందుకి వచ్చేస్తుంది. కానీ కర్త కోసం వాక్యం మొదట్లోనే వెతికే జబ్బు నీకు లేదు. సగం కష్టం అక్కడ తీరిపోతుంది.

యాస సంగతి. ఓల్డ్ ఇంగ్లీషులో హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థం మారిపోతుంది. హ్రస్వంతో 'గొద్' అంటే దేవుడు, దీర్ఘంతో 'గోద్' అంటే మంచి. ద్విత్వాక్షరాన్ని ద్విత్వంగానే ఒత్తి పలకాలి: 'సును' అంటే కొడుకు, 'సున్నె' అంటే సూర్యుడు. రేఫాన్ని మనలాగే నాలుక ఆడించి పలకాలి. ఇప్పటి ఇంగ్లీషువాళ్ల నాలుకకి ద్విత్వం పోయింది, రేఫం మెత్తబడిపోయింది. వాళ్లు కష్టపడి నేర్చుకునేవి నీకు పలక మీద దిద్దినప్పుడే వచ్చాయి. మనకి కొత్తగా పట్టాల్సిన వాటిలో ఒకటి, పెదాలు గుండ్రంగా చుట్టి 'ఇ' పలికితే వచ్చే ఒక అచ్చు. (పైన 'కునింగ్' అని నేను రాసిన దాంట్లో మొదటి అచ్చు అదే, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు.) ఓల్డ్ ఇంగ్లీషుకి 'సొంత యాస' ఈ భూమ్మీద ఎవరికీ లేదమ్మా. పండితులు రాతప్రతుల్లోని స్పెల్లింగుల్ని బట్టీ, సోదర భాషల్ని బట్టీ కట్టిన ఉచ్చారణ అది. కాబట్టి నీ వంతు వచ్చినప్పుడు గొంతు తగ్గించకు.

ఇక పద్యం దగ్గరికి రా. 991లో ఎసెక్స్ తీరంలో మాల్డన్ దగ్గర వైకింగులనే సముద్రపు దోపిడీదారులతో యుద్ధం జరిగింది. ఇంగ్లీషు సైన్యం ఓడింది, నాయకుడు బుర్హ్త్‌నోథ్ చచ్చిపోయాడు. ఆ యుద్ధం మీద ఒక కావ్యం ఉంది, మొదలూ చివరా పోగా మిగిలింది 325 పాదాలు. మూలప్రతి 1731లో లండన్లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతకు ముందే ఎవరో నకలు రాసిపెట్టబట్టి మనకి దక్కింది. అందులో నాయకుడు పడిపోయాక బుర్హ్త్‌వోల్డ్ అనే ముసలి యోధుడు ఈటె ఝళిపించి అంటాడు:

హియె షెఆల్ థే హెఆర్ద్‌ర, హెఓర్తె థే కేన్‌రె,
మోద్ షెఆల్ థే మారె, థే ఊరె మ్యాయెన్ లూత్‌లథ్.

మన బలం తగ్గుతున్నకొద్దీ బుద్ధి ఇంకా గట్టిపడాలి, గుండెకి ఇంకా తెగువ రావాలి, మనసు ఇంకా పెద్దదవాలి అని. అర్థం కాసేపు పక్కన పెట్టి చెవితో విను. హియె, హెఆర్ద్‌ర, అక్కడ చిన్న విరామం, మళ్లీ హెఓర్తె. కింది పాదంలో మోద్, మారె, విరామం, మ్యాయెన్. పాదం రెండు ముక్కలు. మొదటి ముక్కలో పలికిన హల్లే రెండో ముక్కలో మొదట నొక్కి పలికే చోట రావాలి. ఇది యతి కాక మరేమిటి? 'పలికెద వేఱొండు గాథ పలుకగ నేలా' అని పోతన పద్యం చదువుతుంటే రెండో 'ప' దగ్గర చెవికి కలిగే తృప్తి నీకు తెలుసు. ద్విపద వినే అలవాటుంటే ఇంకా దగ్గర, మూడో గణం మొదట యతి పడుతుంది కనక పాదం రెండుగా విరిగినట్టే ఉంటుంది. తేడాలున్నాయి. మనది గణాల లెక్క, వాళ్లది ఊనిక లెక్క. అందుకే రెండో పాదంలో 'థే ఊరె' అనే తేలిక మాటల్ని దాటి 'మ్యాయెన్' మీద యతి పడింది. వాళ్లకి ఏ అచ్చుకి ఏ అచ్చైనా కుదురుతుంది, మన దగ్గర అచ్చుయతికి వర్గాలున్నాయి. నువ్వు రాయబోయే వ్యాసాల్లో ఒకటి దీనిమీదే రాయొచ్చని నా అభిప్రాయం. రెండు ఛందస్సుల్నీ లోపలి నుంచి విన్న మనిషి మీ క్లాసులో బహుశా నువ్వు ఒక్కదానివే.

అనువాదంలో చదివి సరిపెట్టుకోవచ్చు కదా, ఈ వ్యాకరణమంతా ఎందుకు అనిపిస్తుంది. షేమస్ హీనీ బేవుల్ఫ్ అనే ఓల్డ్ ఇంగ్లీషు వీరకావ్యానికి 1999లో చేసిన అనువాదం చదువు, సంతోషంగా చదువు, అది గొప్ప కవి చేసిన పని. కానీ ఎగ్జెటర్ బుక్ అనే రాతప్రతిలో 53 పాదాల చిన్న కవిత ఒకటుంది, ఇప్పుడు దాన్ని 'ద వైఫ్స్ లామెంట్' అంటారు. రాతప్రతిలో దానికి పేరు లేదు. భర్త దూరమై, అతని బంధువులు విడదీయగా, ఓక్ చెట్టు కింద మట్టి గుహలో ఒంటరిగా ఉండే మనిషి చెప్పుకునే గోడు. చెబుతున్నది ఆడమనిషి అని మొదట మనకి తెలిసేది దేన్నిబట్టి? మొదటి రెండు పాదాల్లో 'దుఃఖంలో ఉన్న', 'నా సొంత' అనే విశేషణాల చివర ఉన్న స్త్రీలింగ ప్రత్యయాల్ని బట్టి. ఇంగ్లీషు అనువాదంలో ఆ ప్రత్యయాలు మాయమైపోతాయి, 'నేను' అన్నదానికి ఆడా మగా తెలియదు. ఒకప్పుడు కొందరు పండితులు ఆ గొంతు మగవాడిదే అని వాదించారు, వాళ్లకి ఆ ప్రత్యయాలే అడ్డం. 'వచ్చాను' దగ్గర తెలుగులో కూడా తెలియదనుకో, కానీ 'ఒంటరిదాన్ని' అనగానే తెలిసిపోతుంది. ఇక్కడా అదే. వెయ్యేళ్ల కిందటి ఒక ఆడమనిషి గొంతు ఆ రెండు మూడు ప్రత్యయాలకి అంటుకుని మన దాకా వచ్చింది. వ్యాకరణం నేర్చుకోకపోతే నీకు అది వినపడదు. ఈ పేపరు మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది, నీకూ అక్కడిదాకా వచ్చే అవకాశం రావాలని నా కోరిక.

నువ్వు నిజంగా వెనకబడి ఉన్న విషయాలు రెండున్నాయి. అవి కూడా దాచకుండా చెప్పాలి.

ఒకటి బైబిలు. ఈ సాహిత్యాన్ని రాసిపెట్టినవాళ్లు మఠాల్లో ఉన్నవాళ్లు. వీరకావ్యంలోనూ బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను పేరు వస్తుంది, బేవుల్ఫ్‌లో గ్రెండెల్ అనే రాక్షసుడు కయీను వంశంవాడే. మనుషులు, నౌకలు, సముద్రం గురించి రాసినప్పుడూ వెనక కీర్తనలుంటాయి. నీకు చర్చి అలవాటు లేకపోతే ఆదికాండం, నిర్గమకాండం, కీర్తనలు, ఒక సువార్త తెలుగు బైబిల్లోనే చదివెయ్. వేగంగా అవుతుంది, కథ మనసులో నిలుస్తుంది. బీడ్ అనే సన్యాసి 731లో పూర్తిచేసిన చర్చి చరిత్రలో కేడ్‌మన్ కథ కూడా చదువు. పాట పాడే వంతు వస్తోందంటే విందులోంచి లేచి కొట్టంలోకి వెళ్లిపోయే పశువుల కాపరి అతను. నీకు బాగా అర్థమవుతాడు.

రెండోది వ్యాసం. మన డిగ్రీల్లో వ్యాసమంటే కవి జీవితం, కావ్య సారాంశం, నలుగురు విమర్శకుల మాటలు. అక్కడ అలా రాస్తే పాస్ మార్కులు దాటవు. వాళ్లకి కావలసింది ఒక ప్రశ్న, దానికి నీ జవాబు, ఆ జవాబుకి పద్యంలోంచి రుజువు. పది పదిహేను పాదాలు తీసుకుని వాటి మీదే నాలుగు పేజీలు రాయడం సాధన చెయ్యి. మాల్డన్ మీద రాస్తే వైకింగుల చరిత్రతో మొదలుపెట్టకు. పైన చూసిన ఆ రెండు పాదాలతో మొదలుపెట్టు, 'బలం తగ్గుతున్నకొద్దీ' అన్న మాట వాక్యం చివరిదాకా ఎందుకు ఆగిందో అడుగు. విమర్శకుల్ని నీ వాదం నిలబడ్డాక పిలువు.

చదవాల్సిన వరస కూడా మార్చుకో. భాష రాకుండా కవిత్వంలో దిగినవాళ్లే ఎక్కువ మంది మునుగుతారు. ముందు వచనం. ఏల్‌ఫ్రిక్ అనే సన్యాసి 1000 ప్రాంతంలో పిల్లలకి లాటిన్ నేర్పడానికి ఒక సంభాషణ రాశాడు. తర్వాత ఎవరో లాటిన్ పంక్తుల మీద ఓల్డ్ ఇంగ్లీషు అర్థాలు రాసిపెట్టారు. గురువు ఒక్కో పనివాణ్ణి 'నీ పని ఎలా చేస్తావు' అని అడుగుతాడు. నాగలి దున్నే అతను ఏమంటాడో చూడు: అయ్యా, చాలా కష్టపడతాను. తెల్లవారుతూనే ఎడ్లని పొలానికి తోలి కాడి కడతాను. ఎంత చలికాలమైనా దొర భయానికి ఇంట్లో దాక్కునే ధైర్యం లేదు. కర్రు బిగించి రోజుకి ఎకరమో ఇంకా ఎక్కువో దున్నాలి. ముల్లుకర్రతో ఎడ్లని అదిలించే కుర్రాడొకడు ఉన్నాడు, చలికీ అరుపులకీ వాడి గొంతు బొంగురుపోయింది. గురువు 'అబ్బో, చాలా కష్టమే' అన్నట్టు మాట్లాడితే అతను, 'అవునయ్యా, కష్టమే, నేను స్వేచ్ఛ లేనివాణ్ణి కదా' అంటాడు. వాక్యాలు చిన్నవి, మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, నీకు మూడు పూటల్లో పట్టుబడుతుంది. మీ నాన్నగారు ఇది మనకెందుకని మళ్లీ అడిగితే ఈ ముక్క ఆయనకి తెలుగులో చదివి వినిపించు. కర్రు, కాడి, ముల్లుకర్ర, బొంగురుపోయిన గొంతు ఆయనకి ఎవరూ వివరించక్కర్లేదు.

దాని తర్వాత ఆంగ్లో-సాక్సన్ (ఓల్డ్ ఇంగ్లీషు మాట్లాడినవాళ్లకి వాడుతూ వచ్చిన పేరు) క్రానికల్‌లోంచి కొన్ని సంవత్సరాల నమోదులు, ఆల్ఫ్రెడ్ రాజు చదువు గురించి రాసిన ముందుమాట. ఆ తర్వాతే పద్యాలు. పట్టికలు అన్నీ ఒకేసారి బట్టీ పట్టకు. 'సె' రూపాలు, సర్వనామాలు, 'ఉండు' అనే క్రియ, ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మిగతావి చదువుతూ చూసుకుంటే చాలు. రోజూ అయిదు పంక్తులు నీ చేత్తో నోట్‌బుక్‌లో రాసి, ప్రతి మాట కింద దాని విభక్తి తెలుగులో రాసుకో. తెలుగులోనే, అది ముఖ్యం. ఇంగ్లీషులోకి నేరుగా పోతే తేడాలన్నీ చదునైపోతాయి. నెట్‌లో దొరికే అనువాదాన్ని ముందు చూసి దాన్ని మాటలకి అంటించే పని మాత్రం చెయ్యకు. క్లాసులో ఒక్క ప్రశ్నతో దొరికిపోతావు, అసలు భయం అప్పుడు పట్టుకుంటుంది.

డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. బాస్వర్త్-టోలర్ నిఘంటువు నెట్‌లో ఉచితం, ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయం నడుపుతోంది. హెన్రీ స్వీట్ రాసిన పాత ప్రైమరు, అంటే మొదటి పాఠాల పుస్తకం కూడా ఉచితమే. సెలవుల్లో లండన్ వెళితే బ్రిటిష్ మ్యూజియంలో 41వ గదికి వెళ్లు, ప్రవేశం ఉచితం. ఇంగ్లండులో సట్టన్ హూ అనే చోట 1939లో తవ్విన ఓడ సమాధిలో దొరికిన శిరస్త్రాణం, బంగారు బకిల్ అక్కడున్నాయి. బేవుల్ఫ్‌లో శవాన్ని ధనంతో ఓడలో సముద్రం మీదికి పంపే ఘట్టం చదివి వెళ్లు.

'వాళ్ల పూర్వీకులు' అన్నావు, దానికి కూడా జవాబు చెప్పాలి. ఆ మాట నీకంటే ముందు చాలామంది అన్నారు, కొందరు మంచి ఉద్దేశంతో అనలేదు. తెల్లజాతి గొప్పదని చెప్పుకునే గుంపులు ఈ కాలపు గుర్తుల్ని, పేర్లని వాడుకుంటూ వచ్చాయి. ఈ రంగంలోని పండితుల అంతర్జాతీయ సంఘం 2019లో ఓటు వేసి తన పేరులోంచి 'ఆంగ్లో-సాక్సన్' అనే మాట తీసేసింది. ఈ సాహిత్యం ఎవరిది అనే తగువు ఇంకా నడుస్తూనే ఉంది. శ్రీకాకుళం నుంచి వెళ్లిన అమ్మాయి మాల్డన్ పద్యం యతి చూసి చదువుతుంటే ఆ తగువులో న్యాయం ఎటుందో కొంచెం తెలుస్తుంది. సంస్కృతాన్ని పరాయివాళ్లు చదవలేదా, తెలుగుకి బ్రౌన్ నిఘంటువు రాయలేదా? చదివినవాళ్లదే సాహిత్యం.

డబ్బు గురించి నాన్నగారి బెంగ న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలో ఉద్యోగాలు తక్కువ, ఇంకా తగ్గుతున్నాయి. ఈ పేపరుని నమ్ముకుని లోను తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. కానీ ఆధునిక నవల పేపరు తీసుకున్నా లోను తీరదు. ఎం.ఏ.లో ఏ పేపరు చదివావని బడిలోగానీ ప్రచురణ సంస్థలోగానీ ఆఫీసులోగానీ ఎవరూ పట్టించుకోరు, డిగ్రీ, మార్కులు చూస్తారు. అంచేత డబ్బు కోసం పేపరు మారడంలో అర్థం లేదు. పరిశోధనకి వెళ్లాలనుకుంటే స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లకు, ఇప్పటి నుంచే లాటిన్ మొదలుపెట్టు. వెనక్కి వస్తే ఇంకో దారి ఉంది. పాత రాతప్రతుల్ని చదవడం, పాఠాంతరాలు పోల్చడం ఈ పేపరులో నేర్పుతారు. చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, తంజావూరు సరస్వతీ మహల్లో తెలుగు తాళపత్రాలకి అలాంటి కళ్లు ఇంకా కావాలి. ఇది ఉద్యోగ హామీ కాదు, పని మాత్రం ఉంది.

ఈ వారం ఒకటి చెయ్యి. మీ పేపరు చెప్పే ఉపాధ్యాయుల ఆఫీసు గంటలు చూసుకుని వెళ్లి కలువు. అక్కడ అదేం తప్పుగా చూడరు, ఆ గంటలు పెట్టేది అందుకే. పోయినేడాది ప్రశ్నపత్రం అడుగు, అనువాదానికి ఎన్ని మార్కులో, వ్యాసానికి ఎన్నో తెలుసుకో. వచ్చే క్లాసులో నీ వంతుకి ఏ పంక్తులు వస్తాయో ముందే చెప్పమని అడుగు, చెబుతారు. ఆ పంక్తుల్ని నోట్‌బుక్‌లో విభక్తులతో రాసుకుని, గదిలో నిలబడి పైకి చదివి వెళ్లు. అలా రెండు క్లాసులు చేశాక కూడా పద్యం నిన్ను పలకరించకపోతే, గడువు చివరి రోజున మారిపో. అప్పుడు నేను కూడా సరే అంటాను.